మోరి మోగలేదు, అయినా పేపర్లో మోగింది



పోస్టు పెద్దది. ఇప్పుడు టైం లేకపోతే సేవ్ చేసుకుని రాత్రి హాస్టల్లో చదవండి. చదవకుండా కింద "సూపర్ అన్నా" అని మాత్రం పెట్టకండి. ఎందుకంటే ఈ పోస్టు రాస్తున్నదే ఆ "సూపర్" మీద.

పోయిన ఆగస్టు 9న, ఆదివాసీ దినోత్సవం నాడు, మా వైపు ఒక టౌన్లో పెద్ద సభ జరిగింది. ఏ టౌన్, ఎవరు పెట్టారు అన్నది ఇక్కడ అనవసరం. అలాంటి సభ మీ వైపూ జరిగే ఉంటుంది. మా ఊరి దింసా టీంని పిలిచారు. ఆడేవాళ్లు 14 మంది, వాయించేవాళ్లు 4గురు. నేను సెలవుల్లో ఉన్నా కాబట్టి అదే జీపులో వెళ్లాను. మా పెద్దమ్మ కూడా వచ్చింది. మోకాళ్ల నొప్పులతో ఆమె ఇప్పుడు ఆడటం లేదు గానీ, ఒకప్పుడు మా ఊరి వరసలో మొదటి మనిషి ఆమే. ఇంకా మోరి తాత వచ్చాడు. మా ఊళ్లో మోరి ఊదేది ఇప్పుడు ఆయనొక్కడే.

ఉదయం 8 గంటలకల్లా ఉండాలన్నారు. ఉన్నాం. ఉపన్యాసాలు అయ్యేసరికి మధ్యాహ్నం 1 దాటింది. మావాళ్లు స్టేజి ఎక్కబోతుంటే సౌండ్ సిస్టం కుర్రాడు వచ్చి, "మీకు 4 నిమిషాలే. వాయిద్యాలకి మైకులు లేవు. పెన్‌డ్రైవ్‌లో దింసా పాట ఉంది, అది పెట్టేస్తాం" అన్నాడు. మావాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఎక్కి ఆడారు. ఈలలు, చప్పట్లు. ఇద్దరు నాయకులు వచ్చి వరసలో చేతులు కలిపి, రెండడుగులు వేసి, ఫొటో దిగి వెళ్లారు. తాత స్టేజి వెనక చెట్టు కింద, మోరి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. పొద్దున్నే పీక తడిపి సిద్ధం చేసుకున్నాడు. అది మళ్లీ ఎండిపోయింది.

మర్నాడు పేపర్లో ఫొటో వచ్చింది. కింద రెండు లైన్లు. మోరి, డప్పు మోతల మధ్య గిరిజన మహిళల దింసా సభికులను అలరించిందట.

నేనేం చేశానో కూడా చెప్తాను. ఆ కటింగ్‌ని ఫొటో తీసి స్టేటస్ పెట్టాను. "గర్వంగా ఉంది" అని రాశాను. సాయంత్రం పెద్దమ్మకి చదివి వినిపించాను. ఆమె మా ఆదివాసీ ఒడియాలో అడిగిన మాటను తెలుగులో రాస్తున్నా: "మోరి ఎక్కడ మోగిందిరా? నువ్వూ అక్కడే ఉన్నావు కదా?"

నా దగ్గర జవాబు లేదు. పేపరోడు ఆ టైంకి అక్కడ ఉన్నాడో లేదో నాకు తెలియదు. నేను మాత్రం ఉన్నాను. తాత పక్కనే నిలబడి వాటర్ ప్యాకెట్ ఇచ్చాను. అయినా ఆ అబద్ధాన్ని నా పేరు మీద 200 మందికి పంచాను. ఇంకో 30 ఏళ్లకి ఎవరైనా మా వైపు మోరి ఎప్పటిదాకా మోగింది అని వెతికితే, ఆ కటింగ్ దొరుకుతుంది. మోగింది అని రాసుకుంటారు. చెట్టు కింద కూర్చున్న తాత ఎక్కడా దొరకడు.

అందుకే చెప్తున్నా. మన ఆట గురించి, పాట గురించి, వాయిద్యం గురించి సమీక్ష రాయడం మనం నేర్చుకోవాలి. చప్పట్లు కొట్టడం ఆపి చూసింది చూసినట్టు రాయాలి. బాగున్నదాన్ని ఎందుకు బాగుందో, బాగోలేనిదాన్ని ఎందుకు బాగోలేదో చెప్పాలి. ఇది తీరికున్నోళ్ల సరదా కాదు, మన పని.

ముందు ఆ మాటల సంగతి చూడండి. అలరించాయి. ఆకట్టుకున్నాయి. కనువిందు చేశాయి. సంప్రదాయం ఉట్టిపడింది. ఈ మాటలున్న వాక్యంలో దింసా తీసేసి గుస్సాడి పెట్టండి. సరిపోతుంది. గుస్సాడి తీసేసి కోయ కొమ్ములాట పెట్టండి. సరిపోతుంది. అదీ తీసేసి ప్రైవేటు స్కూల్ యానివర్సరీలో సినిమా పాటకి పిల్లలు వేసిన స్టెప్పులు పెట్టండి. అప్పుడూ సరిపోతుంది. ఏ ఆటకైనా సరిపోయే మాట ఏ ఆట గురించీ చెప్పనట్టే.

ఇప్పుడు అదే పేపర్లు కర్ణాటక సంగీత కచేరీ మీదో, కూచిపూడి ప్రదర్శన మీదో రాసిన సమీక్షలు తీసి చదవండి. ఏ రాగం, ఏ తాళం, ఏ అంశంతో మొదలుపెట్టారు, మృదంగం ఎవరు, వయొలిన్ ఎవరు, ఎక్కడ పట్టు తప్పింది, గొంతు ఎక్కడ సహకరించలేదు, అన్నీ ఉంటాయి. చెన్నైలో డిసెంబర్ సీజన్ వస్తే ఈ రాతలు రోజూ వస్తాయి. పక్కవాద్యం వాయించే ఆయనకి పేరుంటుంది. మా మోరి తాతకి పేరు లేదు. ఆయన "కళాకారులు" అనే బహువచనంలో ఒక ముక్క. అదీ ఆయన వాయించని రోజున.

వాళ్లని తప్పు పడుతూ రాస్తారు, మనల్ని మెచ్చుకుంటూ రాస్తారు. పైకి చూస్తే మనకే మర్యాద ఎక్కువ జరిగినట్టుంది. కానీ తప్పు పట్టాలంటే ముందు ఆ విద్య తెలియాలి, కూర్చుని పూర్తిగా చూడాలి. "మీ దగ్గర ఇంకా పైస్థాయి ఉంది, ఇవాళ అందుకోలేదు" అని చెప్పడం గౌరవం. ఏం చేసినా "ఆహా" అనడం చిన్నపిల్లలకి చేసే ముద్దు. మనం పిల్లలం కాదు. "అమాయక అడవి బిడ్డలు" అని రాసేదీ, "అలరించాయి" అని రాసేదీ ఒకే చెయ్యి.

ఇక మన సంగతి. బయటివాళ్లని తిట్టడం తేలిక. మన గ్రూపుల్లో మనం పెట్టేదేంటి? డ్యాన్స్ వీడియో, కింద నిప్పు గుర్తులు, "మన సంస్కృతి మన గర్వం", "జై ఆదివాసీ". ఇది పేపరోడి "అలరించాయి"కి తమ్ముడే. 2020లో "ఆర్‌ఆర్‌ఆర్" టీజర్‌లో కొమరం భీమ్ పాత్రకి టోపీ పెట్టినప్పుడు మనలో ఎంతమంది పేజీలకి పేజీలు రాశారో గుర్తుందా? అంటే రాయడం మనకి వచ్చు. బయటివాడు మనల్ని తప్పుగా చూపిస్తే కోపంతో రాయగలం. మన ఆట మన ముందే 4 నిమిషాలకి కుదించుకుపోతుంటే మాత్రం మాట రాదు.

2024 జూన్‌లో సకిని రామచంద్రయ్య గారు పోయారు. డోలు వాయిస్తూ కోయ వంశాల కథలు, సమ్మక్క సారలమ్మ కథ చెప్పిన మనిషి. 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024 అక్టోబర్‌లోనే కనకరాజు గారు పోయారు. మర్లవాయి గుస్సాడి గురువు. 2021 పద్మశ్రీ. ఇద్దరూ పోయిన రోజు మన గ్రూపులన్నీ ఫొటోలతో నిండిపోయాయి. నేను వాటిని ఓపిగ్గా చదివాను. పద్మశ్రీ ఎప్పుడొచ్చింది, ఎవరు సంతాపం చెప్పారు, ఎంత పేదరికంలో ఉన్నారు అని ఉంది. రామచంద్రయ్య గారు కథ ఎక్కడ ఆపి డోలు ఎక్కడ అందుకునేవారు? కనకరాజు గారు కొత్త కుర్రాడికి మొదట ఏ అడుగు నేర్పేవారు? నేను చదివినవాటిలో ఒక్కదాంట్లోనూ లేదు. వాళ్లు బతికున్నప్పుడు చూసినవాళ్లు మనలో వందలమంది ఉండుంటారు. చూసి ఇంటికి వెళ్లి ఒక పేజీ రాసుకున్నవాళ్లు ఎంతమంది? అవార్డు ప్రభుత్వం దగ్గర రికార్డు అయింది. విద్య మన దగ్గర కూడా రికార్డు కాలేదు.

ఇప్పుడు మనవాళ్లే చెప్పే అడ్డంకులకి వస్తాను. ఇవన్నీ నాకు మొహం మీదే చెప్పారు.

ఒకటి: "సంస్కృతిని విమర్శించకూడదు. అది తాతముత్తాతలది."

నిజంగానా? ఊళ్లో ఆట అయిన మర్నాడు పొద్దున గెడ్డ దగ్గర నీళ్లకి వెళ్లిన ఆడవాళ్ల మాటలు వినండి. ఫలానా పిల్ల కుడి అడుగు ఆలస్యంగా వేస్తోంది, వరస లాగేస్తోంది. ఫలానావాడు డప్పు తొందరపెట్టి ముసలోళ్లకి ఊపిరాడకుండా చేశాడు. పక్క ఊరోళ్ల వంపు మన వంపు కాదు. మా పెద్దమ్మ అయితే 20 ఏళ్ల కిందటి పెళ్లిలో ఎవరు తప్పు అడుగు వేశారో ఇవాళ్టికీ చెప్తుంది. మన ఊళ్లలో సమీక్ష ఎప్పుడూ ఉంది. అది నోటితో జరిగేది, నిర్దాక్షిణ్యంగా జరిగేది. ఆ తిట్లే ఆటని ఇన్ని తరాలు నిలబెట్టాయి. తప్పు జరిగే వీలు లేని ఆటలో ఒప్పు కూడా ఉండదు. చదువుకున్న మనం చేసిన పనల్లా, ఆ గెడ్డ దగ్గర మాటల్ని ఊళ్లో వదిలేసి "అలరించాయి"ని సిటీ నుంచి తెచ్చుకోవడం.

రెండు: "మనల్ని మనమే తక్కువ చేసి రాస్తే బయటోళ్లకి దొరికిపోతాం. టీంలని మళ్లీ పిలవరు."

ఇందులో నిజం ఉంది, కొట్టిపారేయను. మా ఊరి టీంలో ఆడే అక్కలకి ఆ రోజు వచ్చే డబ్బులు అవసరం. నా రాత వల్ల వాళ్ల కూలి పోతే నా సమీక్ష ఎవరికి కావాలి? అందుకే చెప్తున్నా, సమీక్ష రాసేవాడు మొదట అడగాల్సిన ప్రశ్న "ఎలా ఆడారు" ఒక్కటే కాదు, "ఎవరు నిర్ణయించారు" అన్నది కూడా. 4 నిమిషాలని నిర్ణయించింది ఆడినవాళ్లు కాదు. మైకులు లేవన్నది తాత కాదు. గుండ్రంగా తిరిగే ఆటని జనం వైపు మొహం పెట్టి అడ్డ వరసగా నిలబెట్టింది మా అక్కలు కాదు. ఇవి రాస్తే టీంకి నష్టమా, లాభమా? "వాయిద్యాలకి మైకు ఇవ్వలేదు" అని నలుగురు నాలుగు చోట్ల రాస్తే, వచ్చే ఏడాది కనీసం ఒక మైకు పెడతారు. ఎవరూ రాయకపోతే పెన్‌డ్రైవే మన సంప్రదాయం అయిపోతుంది.

మూడు: "సమీక్ష అంటే పెద్ద చదువులు కావాలి. మనకి ఆ భాష రాదు."

ఏ భాష? అరకు వైపు పిల్లల్ని అడగండి. బోడ దింసా ఊరి దేవతని కొలిచే ఆట. పొతర్ తోలా ఆకులు కోసే ఆట. గొడ్డి బేట వంగి లేస్తూ ముందుకీ వెనక్కీ సాగే ఆట. బాగ్ దింసా పులి ఆట. కుండ దింసాలో భుజాలతో ఒకరినొకరు నెట్టుకుంటారు. ఇన్ని పేర్లున్న ఆటని "గిరిజన నృత్యం" అని ఒక్క మాటతో రాసేవాడికి భాష లేదా, మనకి లేదా? మోరి, కిరిడి, తుడుము, జోడుకొమ్ములు. ఇవి పదజాలం కాదా? మన మాట వాడి, పక్కన ఒక్క వాక్యంలో అర్థం చెప్తే చాలు. రాగం పేరు తెలియని వాళ్లు కూడా కచేరీ సమీక్ష చదవడం లేదా?

ఇక్కడే నా హద్దు కూడా చెప్పాలి. నేను దింసా మీద రాయగలను. గుస్సాడి మీద తీర్పు చెప్పలేను. దండారి రోజుల్లో నెమలి ఈకల టోపీ పెట్టుకున్న మనిషి మామూలు మనిషి కాదు, దేవుడి నియమంలో ఉంటాడు. పండుగ కాని రోజున, ఏదో సభలో ఆ టోపీ ఎక్కించి ఆడించడం సరైనదా కాదా అన్నది గోండు అన్నలే తేల్చాలి, వాళ్లలో వాళ్లే రాసుకోవాలి. "ఆదివాసీ" అన్న ఒక్క పేరు ఉంది కదా అని అందరి ఆట మీదా నాకు అధికారం రాదు. నేను చూసింది చెప్తాను, అడుగుతాను, అంతే. అలాగే పూజలో బయటికి చెప్పకూడనిది ఉంటే చెప్పకూడదు. ఫోన్ ఉంది కదా అని గుడి లోపలిదాకా పోకూడదు.

మరి ఎలా రాయాలి? నేను పెద్ద రాతగాణ్ణి కాదు. మా పెద్దమ్మ ఆ ప్రశ్న అడిగిన తర్వాత ఈ ఏడాదిలో నేను నేర్చుకున్నవి చెప్తాను.

1. ముందే వెళ్లండి, చివరిదాకా ఉండండి. ఆట స్టేజి మీద మొదలవదు. ఎన్నింటికి రమ్మన్నారు, ఎన్నింటికి ఎక్కించారు, తిండి ఎప్పుడు పెట్టారు, ఇవన్నీ అడుగులో కనిపిస్తాయి. 5 గంటలు ఎండలో నిలబెట్టిన కాళ్లు వేరేగా ఆడతాయి.

2. ముసలివాళ్ల పక్కన కూర్చోండి. సెల్ఫీ గుంపులో కాదు. వాళ్లు ఎక్కడ తలూపారు, ఎక్కడ మొహం తిప్పుకున్నారు చూడండి. తర్వాత ఎందుకో అడగండి. మీ సమీక్షలో సగం అక్కడే దొరుకుతుంది.

3. వీడియో తర్వాత. ఫోన్‌లోంచి చూసేవాడికి ఫ్రేములో ఉన్నదే కనిపిస్తుంది. చెట్టు కింద తాత ఏ ఫ్రేములోనూ ఉండడు.

4. మొదట చూసింది రాయండి, తీర్పు తర్వాత. ఎంతమంది, ఏ ఊరు, ఏ దింసా, ఎన్ని నిమిషాలు, ఏ వాయిద్యం ఉంది, ఏది లేదు. అది సరిగ్గా ఉంటే, మీ తీర్పుతో ఒప్పుకోనివాడికి కూడా మీ రాత పనికొస్తుంది.

5. "బాగుంది" అని రాస్తే, వెంటనే "ఎందుకంటే" అని రాయండి. ఆ రెండో వాక్యం రాకపోతే మొదటిది కొట్టేయండి.

6. ఆడినవాళ్లకి చదివి వినిపించండి. పొగడ్త కోసం కాదు, తప్పులు దిద్దించుకోవడానికి. పేరు వేయమంటారా వద్దా అని కూడా అడగండి.

చెప్పడం తేలిక. కాబట్టి ఆ ఆగస్టు సభ మీద ఆలస్యంగా రాసుకున్న నా సమీక్షలోంచి కొంచెం ఇక్కడ పెడుతున్నా. తిట్టాలనుకుంటే దీన్ని తిట్టండి.

"మా ఊరి టీం 14 మంది ఆడవాళ్లతో 4 నిమిషాలు ఆడింది. ఆ 4 నిమిషాల్లోనే పొతర్ తోలా, గొడ్డి బేట, బాగ్ దింసా మూడూ ముక్కలుగా వచ్చాయి. పొతర్ తోలా బాగుంది, ఎందుకంటే వెనక వరస చేతులు ముందు వరస భుజాల మీంచి జారలేదు, తలలు ఒకేసారి అటూ ఇటూ వాలాయి. గొడ్డి బేటకి పాట వేగం ఎక్కువైంది. పూర్తిగా వంగకముందే లేవాల్సి వచ్చింది. వాయించే మనిషి ఉంటే ఆడేవాళ్లని చూసి నెమ్మదిస్తాడు, పెన్‌డ్రైవ్ ఎవర్నీ చూడదు. బాగ్ దింసాలో సగం మంది చేతులు కలిపి వంగి గుండ్రంగా ఉంటే మిగతావాళ్లు పాములా చుట్టి రావాలి. స్టేజి వెడల్పు చాలక సగం చుట్టు తిరిగి ఆగిపోయారు. పులి రాకుండానే ఆట అయిపోయింది. మోరి, తుడుము, డప్పు పట్టుకుని నలుగురు వచ్చారు. ఎవరూ వాయించలేదు, వాళ్లకి మైకు ఇవ్వలేదు. కింద నేల మీద, జనం చుట్టూ కూర్చుని చూసేలా, 20 నిమిషాలు ఇచ్చి ఉంటే ఇదే టీం ఏం చేయగలదో మా ఊళ్లో నేను చూశాను."

ఇంతే. ఇందులో కష్టమైన పదం ఒక్కటీ లేదు. కానీ పేపర్లో వచ్చిన రెండు లైన్లకి ఇది ఎదురు సాక్ష్యం.

రాసేముందు తాతని అడిగాను, మోరి గురించి రాయనా అని. రాసుకో అన్నాడు. ఒక మాట కూడా చెప్పాడు: ఆ రోజు మైకు ఇచ్చినా తాను ఆ పాటకి ఊదేవాడు కాదట. గొడ్డి బేటకి ఊదే వరస వేరు, ఆ పాటలో ఉన్నది వేరు. అది నాకు అప్పటిదాకా తెలియదు. ఆ తేడా ఏంటో ఊది వినిపించమని ఇప్పుడు ఆయన వెంట తిరుగుతున్నా. రాయడానికి కూర్చోకపోతే ఆ ప్రశ్న నాకు పుట్టేదే కాదు.

ఇప్పుడు మీ వంతు. ఇటుకల పండుగ వస్తుంది. దండారి వస్తుంది. హాస్టల్ డే వస్తుంది, మళ్లీ ఆగస్టు 9 వస్తుంది. ఒక్కొక్కరు ఒక్కటి రాయండి. ఒక పేజీ చాలు. తెలుగులో రాయండి, కోయలో రాయండి, గోండిలో, కువిలో, సవరలో, బంజారాలో రాయండి. మీ ఊరి ఆట మీద మీరు రాయండి. నేను తప్పు రాస్తే దిద్దండి. నాకు నిప్పు గుర్తులు వద్దు.

రాసింది మొత్తం పెద్దమ్మకి చదివి వినిపించాను. పూర్తిగా విని, కాసేపు ఆగి, "చివరి నుంచి మూడో పిల్ల మొదటి నుంచీ ఎడమ అడుగుతోనే ఎత్తుకుంది. అది రాయలేదేంట్రా?" అంది.

నేను చూడలేదు పెద్దమ్మా అన్నాను.

"మరి ఏం చూశావు?" అంది.